నోట్లు అచ్చేస్తే మన పోపులడబ్బా ఏమవుతుంది?

"ప్రభుత్వం దగ్గర డబ్బు లేకపోతే నోట్లు అచ్చేసుకోవచ్చుగా అమ్మా?" ఈ ప్రశ్న అడగని పిల్లలు ఏ ఇంట్లోనూ ఉండరేమో! "అలా చెయ్యకూడదు నాన్నా" అనేసి మనం వంటింట్లోకి వెళ్లిపోతాం. ఎందుకు చెయ్యకూడదో మనకీ పూర్తిగా తెలియదు మరి.

పిల్లల మాట అలా ఉంచండి. 2020 ఏప్రిల్‌లో కరోనా లాక్‌డౌన్ రోజుల్లో ఇంచుమించు ఇదే మాటను అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు ప్రధానితో అన్నారు. రాష్ట్రాల ఆదాయం పడిపోయింది కాబట్టి రిజర్వు బ్యాంకు 'హెలికాప్టర్ మనీ' పద్ధతిలో డబ్బు అందించాలని కోరారు. ఆ మాట మొదటిసారి విన్నవాళ్లు నోట్లు ఎక్కడ రాలతాయోనని ఆకాశంకేసి చూసి నవ్వుకున్నారు కూడా. మరుసటి ఏడాది జులైలో పార్లమెంటులో ఎవరో అడిగితే, నోట్లు ముద్రించి గట్టెక్కే ఆలోచన లేదని ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ లిఖితపూర్వకంగా జవాబిచ్చారు.

అక్కడితో ఆ చర్చ ముగిసినా మన భయం మాత్రం ముగియలేదు. "నోట్లు గుట్టలుగా కొట్టేస్తున్నారట, బ్యాంకులో ఉన్నదంతా చిత్తుకాగితాలైపోతుందట, ఉన్నదంతా పెట్టి బంగారమో స్థలమో కొనేయండి" అని ఒకరు చెబితే పదిమంది నమ్ముతున్నారు. ఈ మాటలో నిజమెంత, పుకారెంత? ఇది ఢిల్లీ పెద్దల వ్యవహారమని ఊరుకోవడానికి లేదు. ఎందుకంటే, నోట్ల విలువ తగ్గితే ముందుగా దెబ్బతినేది నోట్ల రూపంలో డబ్బు దాచుకునేవాళ్లు. మన ఇళ్లల్లో వాళ్లెవరో వేరే చెప్పాలా?

మజ్జిగలో నీళ్లు

మనదేశంలో నోట్లు అచ్చువేసే ముద్రణాలయాలు నాలుగు - నాసిక్, దేవాస్, మైసూరు, సాల్బొని. కానీ అసలు సంగతి అక్కడి యంత్రాల్లో లేదు. చిరిగిపోయిన, మాసిపోయిన నోట్ల బదులు కొత్తవి వెయ్యడానికే ఎన్నో అచ్చువేస్తుంటారు. దానివల్ల ధరలేమీ పెరగవు. ప్రమాదమంతా ఎక్కడంటే, ప్రభుత్వం తన ఖర్చుల కోసం నేరుగా రిజర్వు బ్యాంకు దగ్గర చెయ్యి చాచినప్పుడు, రిజర్వు బ్యాంకు ఎక్కడి నుంచీ తేకుండా కొత్తగా సొమ్ము పుట్టించి ఖాతాలో రాసి ఇచ్చినప్పుడు. ఆ రాతకు కాగితం, సిరా కూడా అక్కర్లేదు.

పదిమందికి చేసిన మజ్జిగ ఇరవైమందికి సరిపోవాలంటే మనమేం చేస్తాం? నీళ్లు పోస్తాం. గ్లాసులు ఇరవై నిండుతాయిగానీ చిక్కదనం ఉండదు. దేశంలో బియ్యం, పప్పులు, నూనె, బట్ట అంతే ఉండి, వాటిని కొనే డబ్బు మాత్రం ఎక్కువైతే జరిగేదీ అదే. ఒక్కో రూపాయీ పలచబడుతుంది. దాన్నే ద్రవ్యోల్బణం అంటున్నాం.

మన దగ్గర ఈ నీళ్లు పోసే పని చాలాకాలం చట్టబద్ధంగానే సాగింది. 1955లో కేంద్రానికీ రిజర్వు బ్యాంకుకూ మధ్య ఒక ఏర్పాటు జరిగింది. ఖజానాలో నిల్వ ఒక హద్దుకంటే తగ్గితే చాలు, 'అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు' అనే కాగితాలు పుట్టుకొచ్చేవి. రిజర్వు బ్యాంకు వాటిని తీసుకుని డబ్బు జమ చేసేది. తాత్కాలికమని మొదలుపెట్టిన ఈ పద్ధతి నాలుగు దశాబ్దాలు నడిచింది. 1974 నుంచి దానిమీద ప్రభుత్వం కట్టిన వడ్డీ 4.6 శాతమే! అంత చవగ్గా, అడగకుండానే అప్పు పుడుతుంటే ఎవరు మాత్రం పొదుపు చేస్తారు చెప్పండి? అప్పుచేసి పప్పుకూడు అంటే ఇదే.

ఈ పద్ధతికి తెరదించినవారిలో ముఖ్యులు సి.రంగరాజన్. తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చి మనకు బాగా తెలిసిన పెద్దమనిషే. ఆయన రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉండగా 1994లో ఒకటి, 1997 మార్చిలో ఇంకొకటి ఒప్పందాలు జరిగి, 1997 ఏప్రిల్ 1 నుంచి ఆ బిల్లులు ఆగిపోయాయి. తర్వాత 2003లో ద్రవ్య బాధ్యత చట్టం వచ్చింది. దాని ప్రకారం 2006 ఏప్రిల్ నుంచి కేంద్రం కొత్తగా జారీచేసే రుణపత్రాలను రిజర్వు బ్యాంకు నేరుగా కొనకూడదు. జాతీయ విపత్తు, దేశభద్రత వంటి అసాధారణ పరిస్థితులకు మాత్రం మినహాయింపు ఉంది.

మరి ఇప్పుడు నోట్లు కొట్టడం పూర్తిగా బందేనా అంటే, తలుపు మూశారుగానీ కిటికీ ఉంది. ప్రభుత్వం నుంచి నేరుగా కొనకపోయినా, బ్యాంకులు ఒకసారి కొన్న రుణపత్రాలను రిజర్వు బ్యాంకు వాళ్ల దగ్గర్నుంచి కొనవచ్చు. 2021 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక ప్రత్యేక కార్యక్రమం కింద అలా 2.2 లక్షల కోట్ల రూపాయల రుణపత్రాలు కొంటామని ప్రకటించింది. తేడా ఏమిటంటే, ఎంత కొనాలో, ఎప్పుడు ఆపాలో ఇక్కడ నిర్ణయించేది రిజర్వు బ్యాంకు. వెనకటి పద్ధతిలో ఆ పగ్గం ప్రభుత్వం చేతిలోనే ఉండేది.

ఇంకో అపోహ కూడా ఉంది. రాష్ట్రాల్లో పథకాలకు డబ్బులు పంచగానే "ఇదంతా అచ్చేసిన డబ్బే" అంటుంటారు. రాష్ట్రాలకు నోటు అచ్చేసే అధికారం లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాలైనా, ఏ రాష్ట్రమైనా పన్ను వసూలు చెయ్యాలి, కేంద్రం వాటా తీసుకోవాలి, లేదా వడ్డీకి అప్పు తేవాలి. ఆ అప్పు తీర్చాల్సింది మళ్లీ మనమూ మన పిల్లలూను.

వెనక్కి తిరిగి చూస్తే...

ఇలాంటి వాటికి ఉదాహరణగా అందరూ 1923 నాటి జర్మనీని చెబుతారు. ఆ నవంబరులో ఒక్క డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులు పలికింది. కానీ అంత దూరం వెళ్లక్కర్లేదు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిషువాళ్లు ఇక్కడి సరుకులు, సేవలు వాడుకుని, బదులుగా లండన్‌లో పౌండ్లు జమ రాసి, వాటిని చూపించి ఇక్కడ రూపాయి నోట్లు వేయించారు. యుద్ధకాలంలో చెలామణీలోని నోట్లు అయిదు రెట్లకు పైగా పెరిగాయి. ధాన్యం ధర కూలివాడి చెయ్యి దాటిపోయింది. 1943లో బెంగాల్లో లక్షలాదిమంది ఆకలితో చనిపోవడానికి యుద్ధకాలపు ఈ ధరల మంట పెద్ద కారణమని అమర్త్య సేన్ వివరించారు. తిండి అసలు లేక కాదు, కొనే శక్తి లేకే చాలామంది పోయారన్నమాట!

స్వాతంత్ర్యం వచ్చాక 1974-75లో టోకు ధరలు ఏడాది సగటున పాతిక శాతం పెరిగాయి. బంగ్లాదేశ్ యుద్ధం, కరువు, 1973లో పెట్రోలు ధరల దెబ్బ అన్నీ కలిసివచ్చాయి. కిరోసిన్ క్యూల గురించి మన అమ్మలు చెప్పే కథలు ఆ కాలానివే.

మన పక్కనున్న శ్రీలంక సంగతి అందరం టీవీల్లో చూశాం. 2019 చివర్లో పన్నులు బాగా తగ్గించారు. కరోనాతో పర్యాటకుల రాక నిలిచిపోయింది. 2021లో ఉన్నట్టుండి రసాయన ఎరువులు నిషేధించి పంట తగ్గించుకున్నారు. ఆదాయం లేని ప్రభుత్వానికి అక్కడి కేంద్రబ్యాంకు డబ్బు సృష్టించి ఇస్తూ పోయింది. డాలర్లు అయిపోయాయి. 2022 సెప్టెంబరు నాటికి ధరల పెరుగుదల 70 శాతానికి చేరింది. గ్యాసుబండ కోసం ఆడవాళ్లు రాత్రంతా రోడ్లమీద నిలబడ్డారు. ఆ తర్వాతే, 2023లో, కేంద్రబ్యాంకు ప్రభుత్వానికి అలా డబ్బు ఇవ్వకూడదని చట్టం చేసుకున్నారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోకపోతే అంతే మరి!

నోట్లు రెట్టింపైతే ధరలూ రెట్టింపేనా?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 2016 నవంబరులో పెద్దనోట్ల రద్దుకు ముందు దేశంలో సుమారు 18 లక్షల కోట్ల రూపాయల నోట్లు చెలామణీలో ఉండేవి. 2025 మార్చికి అవి 36 లక్షల కోట్లు దాటాయి. అంటే రెట్టింపు. మరి ఆ కాలంలో ధరలు రెట్టింపయ్యాయా? ప్రభుత్వ లెక్క ప్రకారం సగటున 45, 50 శాతం మధ్య పెరిగాయి. అదీ తక్కువేం కాదుగానీ రెట్టింపు కాలేదు. కారణం - జనం పెరిగారు, పంటలు పెరిగాయి, వ్యాపారాలు పెరిగాయి. కుటుంబం పెద్దదైతే గిన్నె పెద్దది పెట్టినట్టే ఇదీను. కాబట్టి "నోట్లు ఇన్ని లక్షల కోట్లు పెరిగాయి" అన్న ఒక్క అంకె చూసి గుండెలు బాదుకోనక్కర్లేదు.

అలాగే ధర పెరిగిన ప్రతిసారీ నోట్లదే తప్పని కూడా అనలేం. 2023 జులైలో టమాటా కిలో వంద దాటి పరుగెత్తినప్పుడు చారులోకి చింతపండుతో సరిపెట్టుకున్న రోజులు గుర్తున్నాయి కదూ! ఆ నెల ధరల పెరుగుదల 7.44 శాతం. దానికి కారణం ఎండలు, వానలు, దిగుబడి తగ్గడం. 2025 అక్టోబరులో అదే లెక్క 0.25 శాతానికి దిగింది. కూరగాయలు చవకయ్యాయి, జీఎస్టీ తగ్గింది. మరి ఆ నెల మీ ఇంటి ఖర్చు తగ్గిందా? చాలామంది లేదనే అంటారు. ఎందుకంటే, ఆ లెక్కలో వాడిన 2012 నాటి సరుకుల బుట్టలో దాదాపు 46 పాళ్లు ఆహార పానీయాలే. పిల్లల ఫీజు, అత్తగారి మందులు, ఇంటద్దె ఎక్కువగా ఉన్న ఇంటికి ఆ సగటు సరిపోదు. సర్కారువారి బుట్ట వేరు, మన బుట్ట వేరు!

అయితే ఆ సర్కారు లెక్కకు ఒక విలువ ఉంది. ధరల పెరుగుదల 4 శాతం దగ్గర ఉండాలనీ, రెండు శాతం అటో ఇటో దాటకూడదనీ 2016లో చట్టం చేసి రిజర్వు బ్యాంకుకు బాధ్యత అప్పగించారు. 2022లో వరసగా తొమ్మిది నెలలు అది 6 శాతం దాటితే, ఎందుకు అదుపు చెయ్యలేకపోయామో రిజర్వు బ్యాంకు ప్రభుత్వానికి సంజాయిషీ రాసుకోవాల్సి వచ్చింది. అడిగేవాళ్లుంటేనే కదా ఎవరైనా జాగ్రత్తగా ఉండేది.

రసీదు లేని పన్ను

ధరలు పెరిగితే అందరూ నష్టపోతారనుకుంటాం. కాదు, అప్పున్నవాడు లాభపడతాడు. ఇవాళ బరువైన రూపాయల్లో తీసుకున్న బాకీని రేపు తేలికైన రూపాయల్లో తీరుస్తాడు. దేశంలో అందరికంటే పెద్ద బాకీదారు ఎవరు? ప్రభుత్వమే. 2025-26 బడ్జెట్లో కేంద్రం ఒక్క వడ్డీలకే 12.76 లక్షల కోట్లు కేటాయించింది. అందుకే ధరలు కాస్త పెరిగినా ఫర్వాలేదనే ఆశ ఏ ప్రభుత్వానికైనా, అది ఏ పార్టీదైనా, ఉండటం సహజం. పార్లమెంటులో ఓటు వెయ్యకుండా, రసీదు ఇవ్వకుండా వసూలయ్యే పన్ను ఇది.

ఈ పన్ను అందరి మీదా సమానంగా పడదు. పొలం, ఇల్లు, షేర్లు ఉన్నవాళ్లకు వాటి విలువ కూడా పెరుగుతుంది. డబ్బు డబ్బుగానే పెట్టుకున్నవాళ్లకే దెబ్బ. 1990లలో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత 'పొదుపు లక్ష్మి' పేరుతో రోజుకో రూపాయి దాచిన అక్కాచెల్లెళ్లను తలుచుకోండి. ఆనాటి రూపాయికి వచ్చే సరుకు ఇప్పుడు కొనాలంటే ఏడు రూపాయలు పైనే కావాలి. ఆ రూపాయిని సంఘంలో, బ్యాంకులో పెట్టి వడ్డీకి తిప్పినవాళ్లు నిలబడ్డారు. బియ్యం డబ్బాలో పెట్టి మరిచిపోయి ఉంటే అందులో పద్నాలుగు పైసలు మిగిలేవి. ఎలుక కొట్టలేదు, దొంగ ఎత్తుకుపోలేదు. అయినా ఎనభై ఆరు పైసలు పోయాయి!

పోపులడబ్బా పొదుపుకు ఇంకో గండం 2016 నవంబరు 8 రాత్రి వచ్చింది. భర్తకు తెలియకుండా, అత్తగారికి తెలియకుండా చీరల మడతల్లో దాచుకున్న అయిదొందలు, వెయ్యిలు తెల్లారేసరికి బయటపెట్టక తప్పలేదు. గృహిణులు రెండున్నర లక్షల దాకా జమచేస్తే ప్రశ్నించబోమని ప్రభుత్వం చెప్పిందిగానీ, ఆ ప్రశ్న వెయ్యడానికి ఇంట్లోవాళ్లు ఉన్నారుగా! బయటపడ్డ డబ్బు చాలా ఇళ్లల్లో మళ్లీ ఆవిడ చేతికి రాలేదు. ఆపదకని దాచుకున్నది కాస్తా బండి వాయిదాకో, ఎవరి చేబదులుకో పోయింది. మన పొదుపు కాపాడుకోవడమంటే విలువ ఒక్కటే కాదు, దానిమీద మన మాట చెల్లడం కూడా.

మరి మనమేం చెయ్యాలి?

ముందు ఒక చిన్న లెక్క నేర్చుకుందాం. 72ను ధరల పెరుగుదల శాతంతో భాగించండి. ఆరు శాతమైతే పన్నెండు. అంటే పన్నెండేళ్లలో ధరలు రెట్టింపై మీ దగ్గరున్న లక్ష యాభై వేలకు సమానమవుతుంది. అదే లెక్క వడ్డీకీ పనికొస్తుంది. "ఆ రోజుల్లో కిసాన్ వికాస్ పత్రం అయిదున్నరేళ్లకే రెట్టింపయ్యేది, 2023 ఏప్రిల్ నుంచి 115 నెలలు చేశారు" అని నిట్టూరుస్తాం. నిజమే. కానీ ఆ రోజుల్లో ధరలు కూడా ఏటా పదిశాతం పెరిగిన సందర్భాలున్నాయి. వడ్డీ ఎంతన్నది సగం ప్రశ్నే. ధరలు మింగగా ఎంత మిగిలిందన్నదే అసలు ప్రశ్న. బ్యాంకు ఏడు శాతం ఇచ్చి, ధరలు అయిదు శాతం పెరిగితే లక్షకు నిజంగా మిగిలేది రెండు వేలే.

నోట్ల రూపంలో ఇంట్లో ఒక నెల ఖర్చుకు, ఒక ఆపదకు సరిపడా ఉంచుకుంటే చాలు. మిగతాది మన సొంత పేరున బ్యాంకులోకో పోస్టాఫీసులోకో చేరాలి. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి వడ్డీతో కలిపి అయిదు లక్షల దాకా డిపాజిట్ బీమా 2020 ఫిబ్రవరి నుంచి ఉంది. అంతకంటే ఎక్కువుంటే రెండు బ్యాంకుల్లో పెట్టుకోవడం మేలు. ఊళ్లో వ్యవసాయ సహకార పరపతి సంఘాల్లో వేసిన డిపాజిట్లకు ఈ బీమా వర్తించదని మరిచిపోకండి. పదేళ్లలోపు ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి, అరవై దాటిన పెద్దవాళ్లుంటే సీనియర్ సిటిజన్ పథకం - ఈ రెంటికీ 2024 జనవరిలో వడ్డీ 8.2 శాతంగా ఉంది. మూడునెలలకోసారి సమీక్షిస్తారు కాబట్టి చేరేముందు పోస్టాఫీసులో అడగండి.

ఇక బంగారం. 2025లో పది గ్రాములు లక్ష దాటేసరికి "చెప్పానా!" అనేవాళ్లు ఎక్కువయ్యారు. కానీ 2012లో పది గ్రాములు 31 వేల దగ్గరున్న బంగారం 2018లోనూ దాదాపు అక్కడే ఉంది. ఆ ఆరేళ్లలో ధరలు మాత్రం ఆగలేదు. అవసరం ఆ మధ్యలో వచ్చిన ఇల్లాలికి ఏం లాభం? పైగా నగ కొంటే తరుగు, మజూరీ, జీఎస్టీ ముందే పోతాయి. బంగారం వద్దనడం లేదు, ఉన్నదంతా బంగారమే చెయ్యొద్దంటున్నాను. షేర్లు, మ్యూచువల్ ఫండ్ల మాటా అంతే. పదేళ్లపాటు ముట్టుకోనక్కర్లేని డబ్బు కొంత ఉంటే, అర్థం చేసుకుని, నెలనెలా కొద్దికొద్దిగా పెట్టుకోవచ్చు. పిల్ల పెళ్లికి దాచింది మాత్రం అందులో వద్దు.

అన్నిటికంటే ముఖ్యమైంది, భయంలో తప్పటడుగు వెయ్యకపోవడం. ధరలు పదిశాతం పెరిగితే లక్షలో సుమారు తొమ్మిదివేల విలువ పోతుంది. "నూటికి నెలకు మూడు రూపాయలు ఇస్తాం" అనేవాళ్ల చేతిలో పెడితే లక్షకు లక్షా పోవచ్చు. అగ్రిగోల్డ్ వ్యవహారంలో లక్షలాది కుటుంబాలు ఏళ్ల తరబడి పడ్డ అగచాట్లు మన కళ్లముందే ఉన్నాయి. రిజిస్టరు కాని చీటీలు, ఎక్కడుందో చూడని ప్లాట్లు, బంధువులు తెచ్చిన 'స్కీములు' - వీటన్నిటికీ మూలధనం మన భయమే.

చివరగా, మీ ఖర్చుల పుస్తకంలో ఒక పేజీ విడిగా పెట్టండి. బియ్యం, కందిపప్పు, నూనె, పాలు, గ్యాసు, స్కూలు ఫీజు, మందులు - నెలకోసారి ధర రాయండి. ఏడాది తిరిగేసరికి మీ ఇంటి ద్రవ్యోల్బణం మీకే తెలుస్తుంది. ఏ వడ్డీ సరిపోతుందో, ఏది చాలదో ఆ పేజీయే చెబుతుంది. వార్తల్లో కూడా ఒకటి రెండు విషయాలు గమనించండి. కేంద్రం లోటు 2020-21లో జీడీపీలో 9.2 శాతానికి చేరి, 2025-26 బడ్జెట్లో 4.4 శాతం లక్ష్యానికి దిగింది. అది మళ్లీ ఎక్కుతోందా? రిజర్వు బ్యాంకు తన మిగులులోంచి 2024-25 సంవత్సరానికి 2.69 లక్షల కోట్లు ప్రభుత్వానికి ఇచ్చింది. అది నోట్లు అచ్చువెయ్యడం కాదుగానీ, ఆ సొమ్ముమీద ఆధారపడటం ఏటేటా పెరిగితే ఆలోచించాల్సిందే. ప్రభుత్వానికి నేరుగా డబ్బివ్వకూడదన్న ఆ చట్టాన్ని సడలిస్తామని ఎవరైనా అంటే మాత్రం చెవులు రిక్కించండి.

ఓట్లకు వచ్చినప్పుడు "ఏమిస్తారు?" అని అడగడం మనకు అలవాటైంది. "ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తారు?" అని కూడా అడుగుదాం. నెలాఖరున పాలవాడికి, పేపరువాడికి, ఫీజుకు, మందులకు లెక్క సరిచేసే మనకు ఆ ప్రశ్న అడిగే అర్హత లేదని ఎవరనగలరు?